తర్వాత డ్యూటీకి వచ్చేవాళ్ల కోసం రాయండి

కిందటి సంచికలో కేస్ షీట్ల గురించి, అంటే ఆసుపత్రిలో పేషెంట్ పరిస్థితి రోజూ రాసే కాగితాల గురించి, నాలుగు మాటలు రాసినందుకు ఉత్తరాలు బాగా వచ్చాయి. రాసినవాళ్లలో ఎక్కువమంది చెన్నై, బెంగళూరు ఆసుపత్రుల్లో పనిచేస్తున్న మన తెలుగు పిల్లలు. వైద్యం కోసం ఇక్కడికి వచ్చి వెళ్లిన కుటుంబాల వాళ్లూ కొందరు రాశారు. నేను చెన్నైలో జనరల్ మెడిసిన్ చూస్తాను, పీజీలకు పాఠం చెబుతాను. రౌండ్స్‌కి వెళ్లే ముందు రాత్రి రాసిన నోట్స్ కూర్చుని చదవడం నా అలవాటు. ఈ విషయం మీద నాకు గట్టి అభిప్రాయాలు ఉన్నాయి, అవి దాచుకోకుండా జవాబులు ఇస్తున్నాను.

ప్రశ్న: ఎంబీబీఎస్ అయ్యాక ఒక ప్రైవేటు ఆసుపత్రిలో నైట్ డ్యూటీలు చేస్తున్నాను. నా నోట్స్ మరీ పొడుగని ఒక కన్సల్టెంట్, వాటిలో విషయమే లేదని ఇంకొకరు కోప్పడుతున్నారు. పెన్ను పట్టుకోగానే టెన్షన్ వస్తోంది. అసలు ఎంత రాయాలి, ఏం రాయాలి?
— డ్యూటీ డాక్టర్, వడపళని

తల్లీ, పొడుగు సంగతి తర్వాత. ముందు ఆ నోట్ ఎవరు చదువుతారో తలుచుకోండి. పొద్దున కన్సల్టెంట్ చదువుతారు, నిజమే. కానీ దానితో అసలు అవసరం పడేది రాత్రి రెండింటికి, ఆ పేషెంట్‌ని అంతకుముందు ఎన్నడూ చూడని డాక్టర్‌కి. ఆయాసం ఎక్కువైందని సిస్టర్ పిలిస్తే వచ్చి, మంచం పక్కన నిలబడి కేస్ షీట్ తిప్పుతారు. పొద్దున ఈ మనిషి ఎలా ఉన్నాడు, చూసినవాళ్లు ఏమనుకున్నారు, తేడా వస్తే ఏం చేయమన్నారు, ఈ మూడూ ఆ డాక్టర్‌కి అరనిమిషంలో దొరకాలి.

మన వార్డుల్లో మామూలుగా దొరికేది మాత్రం ఇది: ‘పేషెంట్ కాన్షస్, ఓరియెంటెడ్. ఎఫెబ్రైల్. వైటల్స్ స్టేబుల్. ఎస్1 ఎస్2 ప్లస్. ఎన్‌వీబీఎస్. పీఏ సాఫ్ట్. సీఎస్‌టీ.’ అంటే స్పృహలో ఉన్నాడు, జ్వరం లేదు, పల్స్, బీపీ, గుండె, ఊపిరి, పొట్ట అన్నీ మామూలే అని. ఇందులో ఒక్క ముక్క కూడా అబద్ధం కాకపోవచ్చు. కానీ ఈ కాగితాన్ని పక్క మంచం ఫైల్లో పెట్టినా ఎవరూ కనిపెట్టలేరు. చివర ఉన్న ‘సీఎస్‌టీ’, అంటే అవే మందులు కొనసాగించండి అన్నది, నాకు మరీ బాధ కలిగిస్తుంది. ఆలోచించి కొనసాగించారా, ఆలోచించే తీరిక లేక కొనసాగించారా అన్నది చదివేవాళ్లకు ఎలా తెలుస్తుంది?

ఒక పేషెంట్‌ని అనుకుందాం. అరవై రెండేళ్లు, షుగర్ ఉంది, కుడివైపు న్యుమోనియా, అడ్మిట్ అయి మూడో రోజు. కేస్ షీట్‌లో ఇంగ్లీషులోనే రాస్తాం కానీ ఇక్కడ తెలుగులో చెబుతాను:

‘ఉదయం 8:20. దగ్గు తగ్గింది, రాత్రి నిద్ర పట్టింది అంటున్నారు. తిండి సయించడం లేదు. టెంపరేచర్ నిన్న సాయంత్రం 101, ఇప్పుడు 99. శ్వాస నిమిషానికి 22, నిన్న 30. రెండు లీటర్ల ఆక్సిజన్ మీద సాచురేషన్ (రక్తంలో ఆక్సిజన్ శాతం) 95, నిన్న నాలుగు లీటర్ల మీద 93. బీపీ 124/76. కుడి కింది భాగంలో క్రెప్స్ (ఊపిరితిత్తుల్లో చిటపట శబ్దాలు) అలాగే ఉన్నాయి. గత ఆరు గంటల్లో యూరిన్ 150 మిల్లీలీటర్లు, బరువు 60 కిలోలు.

అంచనా: న్యుమోనియా తగ్గుముఖం పట్టింది. యూరిన్ తక్కువగా ఉంది, సరిగా తాగకపోవడం వల్ల కావచ్చు. కిడ్నీ దెబ్బతింటోందేమో చూడాలి.

ప్లాన్: యాంటీబయాటిక్ అదే, ఈ రోజు మూడో రోజు, ఐదో రోజు మళ్లీ ఆలోచించాలి. మెట్‌ఫార్మిన్ (షుగర్ మాత్ర) ఆపాను, షుగర్‌కి ఇన్సులిన్ చార్ట్ రాశాను. క్రియాటినిన్ (కిడ్నీ పరీక్ష) పంపాను, రిపోర్ట్ సాయంత్రం 4కి డ్యూటీ డాక్టర్ చూడాలి. సాచురేషన్ 90 కంటే తగ్గినా, శ్వాస 30 దాటినా, బీపీ పై అంకె 100 కంటే పడినా వెంటనే పిలవాలి.’

ఇందులో వాక్యాలు పొట్టివే. పక్కపక్కన ఉన్న అంకెలు చూడండి. సాచురేషన్ 95 అని ఒక్కటే రాస్తే బాగుందో లేదో తెలియదు. నిన్న నాలుగు లీటర్ల మీద 93, ఈ రోజు రెండింటి మీద 95 అంటే మెరుగైందని చదవగానే తెలుస్తుంది. యూరిన్ పక్కన బరువు ఎందుకంటే, కిలోకి గంటకు అర మిల్లీలీటరు లెక్కన ఈయనకు ఆరు గంటల్లో కనీసం 180 రావాలి. వచ్చింది 150. ‘వైటల్స్ స్టేబుల్’ అని రాసి ఉంటే ఈ సంగతి మరుసటి పొద్దున దాకా ఎవరి కంటా పడేది కాదు.

మీ వయసు వాళ్లు ‘అంచనా’ రాయడానికి భయపడతారు. తప్పయితే ఎలా అని. ‘కావచ్చు’ అని రాయండి, ‘ఇది కాకపోతే అది’ అని రాయండి, అందులో చిన్నతనం లేదు. లారెన్స్ వీడ్ అనే అమెరికన్ వైద్యుడు 1968లో న్యూ ఇంగ్లండ్ జర్నల్ ఆఫ్ మెడిసిన్‌లో ఇదే చెప్పారు. పేషెంట్ సమస్యలను విడివిడిగా రాసుకుని, ఒక్కోదాని మీద డాక్టర్ ఆలోచన కాగితం మీద కనిపించేలా రికార్డు ఉండాలన్నారు. మనం ‘సోప్’ నోట్ అంటున్నది ఆ పద్ధతిలోంచి వచ్చిందే: పేషెంట్ చెప్పింది, మనం చూసింది, మన అంచనా, మన ప్లాన్. మొదటి రెండూ అందరూ రాస్తారు. మూడోది వదిలేసి నాలుగోదానికి దూకేస్తారు. మా యూనిట్‌లో అంచనా లేని నోట్ కింద సంతకం పెట్టొద్దని కొత్త పీజీలకు మొదటిరోజే చెబుతాను.

ఇక పొడుగు సంగతి. అడ్మిషన్ నోట్ వివరంగా ఉండాల్సిందే. రోజువారీ నోట్‌లో మాత్రం నిన్నటికీ ఈ రోజుకీ ఏం మారిందో చాలు. ల్యాబ్ రిపోర్టులో ఉన్న ముప్పై అంకెలూ మళ్లీ ఎక్కించకండి, మీ ఆలోచన మార్చిన రెండు అంకెలు రాయండి. మీ కన్సల్టెంట్లిద్దరూ అడుగుతున్నది ఒకటేనని నాకు అనిపిస్తోంది.

ప్రశ్న: మా వార్డుకి సూళ్లూరుపేట, నాయుడుపేట వైపు నుంచి వచ్చేవాళ్లు ఎక్కువ. వాళ్లు ‘గ్యాస్ పట్టేసింది’, ‘గుండెల్లో అదోలా ఉంది’ అంటారు. నాకు తెలుగు వచ్చు కాబట్టి హిస్టరీ (జబ్బు వివరాలు) నన్నే తీసుకోమంటారు. ఇవన్నీ మెడికల్ భాషలోకి ఎలా మార్చాలి?
— హౌస్ సర్జన్, చెన్నై

తొందరపడి మార్చకండి. ముఖ్య ఫిర్యాదు దగ్గర పేషెంట్ అన్న మాటనే ఇంగ్లీషు అక్షరాల్లో, కొటేషన్ గుర్తుల మధ్య పెట్టండి. ఆ కింద మీరు అడిగి తెలుసుకున్నది రాయండి. ‘గ్యాస్’ అన్న మనిషి నోట్‌లో మీరు ‘గ్యాస్ట్రైటిస్’ అని రాశారనుకోండి, అది ఆయన చెప్పింది కాదు, మీరు తేల్చేసింది. తర్వాత చూసేవాళ్లందరూ దాన్నే పట్టుకుని పాంటాప్ (ఎసిడిటీ మాత్ర) ఇచ్చుకుంటూ పోతారు. గ్యాస్ అన్నప్పుడు ఎక్కడ పట్టేసింది, నడిస్తే ఎక్కువవుతోందా, చెమటలు పట్టాయా, దవడకో చేతికో లాగిందా, షుగర్ ఉందా, ఇవి అడిగి, లేనివాటిని కూడా ‘లేదు’ అని రాయండి. ‘చెమటలు లేవు’ అని రాస్తే మీరు అడిగినట్టు తెలుస్తుంది. గుండె అనుమానం ఏ కాస్త ఉన్నా ముందు ఈసీజీ. వచ్చిన పది నిమిషాల్లో తీయాలన్నది ఎమర్జెన్సీల్లో పాటించే ప్రమాణం. ఈసీజీ తీసిన టైమూ, చూసిన టైమూ రెండూ నోట్‌లో ఉండాలి.

తెలుగు వచ్చినవాళ్లుగా మీ మీద ఇంకో పెద్ద బాధ్యత ఉంది. ఒకసారి వేరే విభాగం నుంచి నన్ను కన్సల్ట్‌కి పిలిచారు. నాయుడుపేట దగ్గరి పల్లె నుంచి వచ్చిన పెద్దావిడ. ‘డిస్‌ఓరియెంటెడ్, స్పృహ స్కోరు 14, కారణం తెలియదు, సీటీ బ్రెయిన్ కోసం ఆలోచిస్తున్నాం’ అని నోట్. నేను మంచం పక్కన కూర్చుని, “అమ్మా, మనం ఇప్పుడు ఏ ఊళ్లో ఉన్నాం?” అన్నాను. “మద్రాసులో. సెంట్రల్లో రైలు దిగి ఆటోలో తెచ్చారు గదా” అంది. ఈ రోజు ఏం రోజు అని అడిగితే, “ఏకాదశి గదా, ఉపవాసం అంటే ఈ పిల్ల వినకుండా ఇడ్లీ పెట్టింది” అంది. నా ఫోన్లో క్యాలెండర్ చూశాను. ఆవిడ చెప్పింది అక్షరాలా నిజం. అంతకుముందు ఆవిడను పరీక్షించిన వాళ్లు తమిళంలో అడిగారు. అర్థం కాక ఏదో ఒకటి చెప్పింది.

ఆ స్పృహ స్కోరు కట్టే గ్లాస్గో కోమా స్కేల్‌ని 1974లో టీజ్‌డేల్, జెన్నెట్ అనే ఇద్దరు డాక్టర్లు గ్లాస్గోలో తయారు చేశారు. అందులో మొత్తం 15 మార్కుల్లో మాట విభాగానికి ఐదు. తికమకగా మాట్లాడితే నాలుగే. పేషెంట్‌కి రాని భాషలో అడిగి ఆ మార్కు కోసేస్తే, లేని జబ్బు ఒకటి కాగితం మీద పుడుతుంది. అసలు ప్రమాదం దానికి తిరగేసి ఉంది. రేపు నిజంగా తికమక మొదలైతే, ‘మొదటి నుంచీ 14 ఏగా’ అని వదిలేస్తారు. అందుకని ‘తెలుగులో అడిగాను’ అని నోట్‌లో రాయండి. మీకు రాని భాష అయితే మధ్యలో చెప్పిందెవరో, కొడుకో కోడలో వార్డు ఆయానో, అది కూడా రాయండి. ఇంటివాళ్ల ముందు పేషెంట్లు చెప్పుకోని సంగతులు చాలా ఉంటాయి.

ప్రశ్న: మాది కడప జిల్లా, బెంగళూరులో స్టాఫ్ నర్సుగా చేస్తున్నాను. ఒక రాత్రి పేషెంట్ బీపీ పడిపోయిందని డ్యూటీ డాక్టర్‌కి ఫోన్ చేశాను. చాలాసేపటికి గానీ రాలేదు. పొద్దున ‘నువ్వు సరిగా చెప్పలేదు’ అని నా మీదికే వచ్చింది. ఇలాంటివి నర్సెస్ నోట్స్‌లో రాయొచ్చా?
— ఓ సోదరి, బెంగళూరు

రాయొచ్చు కాదు సిస్టర్, రాయాలి. మీరు ఆ రాత్రి పడిన ఆదుర్దా నాకు అర్థమవుతోంది. ‘డాక్టర్‌కి ఇన్‌ఫార్మ్ చేశాను’ అని ఒక్క ముక్క రాస్తే అది మిమ్మల్నీ కాపాడదు, పేషెంట్‌నీ కాపాడదు. ఏ డాక్టర్‌కి, ఎన్ని గంటలకు, ఏ అంకెలు చెప్పారు, ఏం అడిగారు, ఆయన ఏమన్నారు? ఇలా ఉండాలి:

‘రాత్రి 1:40. బీపీ 86/50, పల్స్ 118, శ్వాస 26. చేతులు చల్లగా ఉన్నాయి, పిలిస్తే పలుకుతున్నారు. 1:43, డ్యూటీ డాక్టర్‌కి (పేరు) ఫోన్. పై అంకెలు చెప్పి, వచ్చి చూడమని అడిగాను. నార్మల్ సెలైన్ 500 మిల్లీలీటర్లు ఇమ్మన్నారు, తిరిగి చెప్పి ఖాయం చేసుకున్నాను. 1:50, సెలైన్ మొదలు. 2:05, బీపీ 84/48, మళ్లీ ఫోన్, ఎత్తలేదు. 2:08, ఇన్‌చార్జ్ సిస్టర్‌కి, ఐసీయూ డాక్టర్‌కి చెప్పాను. 2:20, ఐసీయూ డాక్టర్ వచ్చారు.’

‘నిర్లక్ష్యం’ లాంటి మాట ఇందులో ఎక్కడా అక్కర్లేదు. కోపం వచ్చినా రాయకండి. టైములూ అంకెలూ ఉంటే చదివేవాళ్లు తామే గ్రహిస్తారు. నిందించే మాట ఒక్కటి పడిందంటే మిగతా నోటంతా గొడవ కోసం రాసినట్టు కనిపిస్తుంది.

ఫోన్లో చెప్పేటప్పుడు ‘ఎస్‌బార్’ వరస పెట్టుకోండి. అమెరికా నౌకాదళం వాళ్లు అణు సబ్‌మెరైన్లలో వాడిన పద్ధతిని కైజర్ పర్మనెంటే ఆసుపత్రులు వైద్యంలోకి తెచ్చాయి. ఇప్పుడు జరుగుతున్నదేంటి, పేషెంట్ వెనకటి సంగతేంటి, నేను ఏమనుకుంటున్నాను, మీరు ఏం చేయాలి, ఆ క్రమంలో. చివరిది మనవాళ్లు మొహమాటంతో మింగేస్తారు. “సార్, బీపీ కొంచెం తక్కువగా ఉంది” అని ఆపేస్తారు. “బ్లీడింగ్ ఏమో అని అనుమానంగా ఉంది సార్, మీరు ఇప్పుడే వచ్చి చూడాలి” అనండి. అన్నట్టు నోట్‌లో రాయండి.

ఇంకొక్క మాట, కాస్త చనువు తీసుకుని. టీపీఆర్ చార్ట్‌లో (టెంపరేచర్, పల్స్, శ్వాస రాసే పట్టికలో) శ్వాస గడి చూస్తే నాకు ప్రాణం ఉసూరుమంటుంది. పొద్దున 20, మధ్యాహ్నం 20, రాత్రి 20. వార్డంతా 20. నిద్రపోతున్నవాళ్లూ, ఆయాసపడుతున్నవాళ్లూ అందరూ అంతే. ఒంట్లో తేడా వస్తున్నప్పుడు చాలాసార్లు బీపీ కంటే ముందు మారేది శ్వాసే. లండన్‌లోని రాయల్ కాలేజ్ ఆఫ్ ఫిజీషియన్స్ 2012లో తెచ్చిన, పేషెంట్ పరిస్థితి దిగజారడాన్ని ముందే పసిగట్టే ‘న్యూస్’ స్కోరులో శ్వాస 25కి చేరితే ఆ ఒక్కదానికే పూర్తి మూడు పాయింట్లు. పల్స్ పట్టుకున్నట్టే మణికట్టు మీద వేళ్లుంచి, పేషెంట్‌కి తెలియకుండా పొట్ట కదలిక చూస్తూ నిమిషం నిండా లెక్కపెట్టండి. లెక్కపెట్టని రోజు గడి ఖాళీగా వదలండి. ఖాళీ చూస్తే ఎవరో ఒకరు వెళ్లి లెక్కపెడతారు. 20 చూస్తే ఎవరూ వెళ్లరు.

ప్రశ్న: మారతహళ్లిలో మెడికల్ షాపు ఉంది. డాక్టర్ల రాత మీద మీరేమైనా చెబుతారా?
— ఫార్మసిస్ట్, బెంగళూరు

చెబుతాను, అవసరం కూడా. ఇన్సులిన్ రాసేటప్పుడు యూనిట్లు అన్నదానికి పొడి అక్షరంగా ‘యూ’ రాస్తారు. తొందరలో అది సున్నాలా పడితే 10 కాస్తా 100. పూర్తిగా ‘యూనిట్స్’ అని రాయాలి. 1.0 అని రాస్తే చుక్క కనపడక 10 అవుతుంది, .5 అని రాస్తే 5 అవుతుంది. కాబట్టి 1 అనీ, 0.5 అనీ రాయాలి. ‘ఓడీ’ అంటే మాకు రోజుకు ఒకసారి, కంటి డాక్టర్లకు కుడి కన్ను. అమెరికాలో ఆసుపత్రులకు గుర్తింపు ఇచ్చే జాయింట్ కమిషన్ ఇలాంటి పొట్టి రాతల్లో కొన్నింటిని 2004లోనే నిషేధ జాబితాలో పెట్టింది.

నేను ఎక్కువ భయపడేది మెథోట్రెక్సేట్ గురించి. కీళ్లవాతానికి అది వారానికి ఒక్కసారి వేసుకునే మాత్ర. రోజూ వేసుకుంటే రక్తకణాలు పడిపోయి ప్రాణం పోవచ్చు. చీటీలో ‘వారానికి ఒక్కసారి, ప్రతి సోమవారం, కీళ్లవాతానికి’ అని వారం పేరుతో, కారణంతో రాయాలి. అలా లేని చీటీ మీ కౌంటర్‌కి వస్తే దయచేసి డాక్టర్‌కి ఫోన్ చేయండి, విసుక్కున్నా సరే. మందుల జెనరిక్ పేర్లు అర్థమయ్యేలా, వీలైతే పెద్దక్షరాల్లో రాయాలని మెడికల్ కౌన్సిల్ 2016లోనే నియమాల్లో చేర్చింది. అర్థమయ్యే ప్రిస్క్రిప్షన్ పేషెంట్ ప్రాథమిక హక్కులో భాగమని 2025లో పంజాబ్, హర్యానా హైకోర్టు కూడా చెప్పింది.

ప్రశ్న: మా నాన్నగారికి చెన్నైలో స్టెంట్ వేశారు. డిశ్చార్జ్ సమ్మరీ ఎనిమిది పేజీలు ఇచ్చారు. కావలి వచ్చాక పన్ను తీయించాలంటే, ‘రక్తం పల్చబడే మాత్ర ఆపండి’ అన్నారు. ఆపొచ్చా అని సమ్మరీ అంతా వెతికినా ఒక్క ముక్క లేదు. అలాగే ఐసీయూ రికార్డుల కాపీ అడిగితే ఇవ్వం అంటున్నారు.
— పాఠకుడు, కావలి

ముందు మాత్ర సంగతి. స్టెంట్ వేసినవారిని అడగకుండా, ఎవరు చెప్పినా ఆ మాత్రలు ఆపొద్దు బాబూ. మొదటి నెలల్లో ఆపితే స్టెంట్‌లో రక్తం గడ్డకట్టి గుండెపోటు రావచ్చు. ఎన్నాళ్లు వాడాలన్నది గుండెపోటు వచ్చి స్టెంట్ వేశారా, రాకముందే వేశారా, ఏ రకం స్టెంట్, రక్తస్రావం ప్రమాదం ఎంత, వీటిని బట్టి ఉంటుంది. చాలా పన్నులు మాత్ర ఆపకుండానే తీస్తారు. స్టెంట్ వేసిన డాక్టర్‌తో మీ డెంటిస్టును మాట్లాడించండి.

మీ ఉత్తరం డాక్టర్లందరూ చదవాలని నా కోరిక. ఎనిమిది పేజీల్లో రోజువారీ ల్యాబ్ అంకెలన్నీ పోసి, కావలిలో ఉన్న డాక్టర్ అడగబోయే ఒక్క ప్రశ్నకు జవాబు రాయలేదు. సమ్మరీ రాసేది ఆసుపత్రి ఫైలు కోసం కాదు, ఊళ్లో రేపు ఆయన్ని చూడబోయే డాక్టర్ కోసం. ఈ మాత్ర ఏ తేదీ దాకా, ఎవరిని అడగకుండా ఆపకూడదు. ఇంతకుముందు వాడుతున్న మందుల్లో ఏది ఆపాం, ఎందుకు ఆపాం. ఇది రాయకపోతే పాతదీ కొత్తదీ రెండూ వేసుకుంటారు, బీపీ మాత్రల్లో ఇది నేను తరచుగా చూస్తాను. పంపిన పరీక్షల్లో ఇంకా రిపోర్ట్ రానిదేంటి, దాన్ని ఎవరు చూసి కబురు చేస్తారు. ఏ లక్షణం వస్తే ఆగకుండా రావాలి. ఎలర్జీ ఉంటే, ఏ మందుకు ఏం జరిగింది. ‘పెన్సిలిన్ ఎలర్జీ’ అని మాత్రమే రాస్తే, అమాక్సిసిలిన్ వేసుకుని వాంతి అయినవాళ్లూ, ఇంజెక్షన్‌కి గొంతు వాచి ఊపిరాడనివాళ్లూ ఒకటే అయిపోతారు. మొదటివాళ్లకు మంచి మందు జీవితాంతం దూరమవుతుంది.

తెలుగువాళ్లు ఇంటికి వెళ్లేటప్పుడు మందుల పట్టికా, జాగ్రత్తలూ తెలుగులో ఒక పేజీ రాసి సమ్మరీకి పిన్ను చేసి ఇస్తాం మేము. మా యూనిట్‌లో తెలుగు రాయగలిగిన పీజీ లేని ఏడాది సిస్టర్ రాస్తుంది, నేను చదివి సంతకం పెడతాను. చెన్నైలో మన ఊళ్ల నుంచి ఇంతమంది వస్తున్నప్పుడు ప్రతి ఆసుపత్రీ ఇది చేయగలదు.

రికార్డుల విషయం: 2002 నాటి మెడికల్ కౌన్సిల్ నియమాల ప్రకారం అడ్మిట్ అయినవారి రికార్డులను వైద్యం మొదలైన రోజు నుంచి మూడేళ్లు ఉంచాలి. పేషెంట్ గానీ ఆయన తరఫున అధికారం ఉన్నవారు గానీ అడిగితే 72 గంటల్లో ఇవ్వాలి. నోటిమాటగా కాకుండా మీ నాన్నగారి సంతకంతో కాగితం మీద అడిగి, అందినట్టు ముద్ర వేయించుకోండి. మామూలుగా జిరాక్స్ ఖర్చు తీసుకుంటారు.

ప్రశ్న: పేషెంట్ పరిస్థితి విషమించిన మర్నాడు, ముందురోజు సాయంత్రం చూసినట్టు నోట్ రాయమని మా సీనియర్ అడిగారు. ఏం చేయాలో తెలియక ఈ ఉత్తరం.
— పేరు వద్దు

రాయకండి. సాయంత్రం మీరు నిజంగా చూసి, హడావిడిలో రాయలేకపోతే దానికి సరైన దారి ఉంది. ఇప్పటి తేదీ, ఇప్పటి టైము వేసి, ‘లేట్ ఎంట్రీ: నిన్న సాయంత్రం 6 గంటలకు చూసినప్పుడు…’ అని మొదలుపెట్టి, గుర్తున్నంత వరకే రాసి సంతకం పెట్టండి. చూడకపోతే ఏమీ రాయకండి. కంప్యూటర్ రికార్డుల్లో ఏ అక్షరం ఎప్పుడు పడిందో సిస్టమ్ లోపల నమోదవుతుంది. కాగితం ఫైళ్లలో నర్సుల టైములు, ల్యాబ్ టైములు, మందుల చార్ట్ టైములు ఒకదానికొకటి సాక్ష్యం చెబుతాయి. దొంగ టైము ఒక్కటి బయటపడితే మీరు నిజాయితీగా రాసిన మిగతా ఫైలంతా నమ్మకం పోగొట్టుకుంటుంది.

తప్పు పడితే వైట్‌నర్ వద్దు, గీకేయడం వద్దు. పాతది చదవగలిగేలా ఒక్క గీత కొట్టి, పక్కన సరైనది రాసి, సంతకం, తేదీ, టైము.

సీనియర్‌కి ఎలా చెప్పాలన్నది మీ అసలు బాధ అనుకుంటాను. “సార్, నేను లేట్ ఎంట్రీగా రాస్తాను, మీరు చూసిందీ మీరు లేట్ ఎంట్రీగా రాయండి” అనండి. మర్యాదగానే ఉంటుంది, దారి కూడా చూపించినట్టు ఉంటుంది. అప్పటికీ బలవంతపెడితే విభాగాధిపతి దగ్గరికి వెళ్లండి. కష్టమే, తెలుసు. అయినా వెళ్లండి.

ప్రశ్న: మా ఆసుపత్రిలో నిన్నటి నోట్ కాపీ చేసుకునే సదుపాయం ఉంది. ఇప్పుడు పేషెంట్‌తో మాట్లాడుతుంటే విని నోట్ రాసిపెట్టే ఏఐ యాప్ కూడా వాడమంటున్నారు. మంచిదేనా?
— జూనియర్ కన్సల్టెంట్, వైట్‌ఫీల్డ్

టైపింగ్ తగ్గి పేషెంట్ మొహం చూసే తీరిక దొరికితే సంతోషమే. కానీ కాపీ చేసిన నోట్ పాతబడినట్టు కనిపించదు, అదే దానితో చిక్కు. షుగర్ పుండుతో ఎడమ కాలు మోకాలి కింద తీసేసిన పేషెంట్ నోట్‌లో, ఆపరేషన్ అయిన తర్వాత కూడా ‘రెండు పాదాల్లో పల్స్ బాగుంది’ అని రోజూ వస్తూ ఉండటం నేను చూశాను. కాపీ చేయాలనుకుంటే పేషెంట్ పాత చరిత్ర వరకే చేయండి. పరీక్షా, అంచనా, ప్లాన్ మాత్రం ప్రతిరోజూ ఖాళీ గడితో మొదలుపెట్టండి.

యాప్ సంగతీ అంతే. బెంగళూరు ఓపీలో ఒకే వాక్యంలో తెలుగు, కన్నడం, ఇంగ్లీషు కలిసి వస్తాయి. పేషెంట్ ‘జ్వరం లేదు’ అన్నది ‘ఉంది’గా మారినా, మీరు అసలు చేయని పరీక్ష చేసినట్టు వచ్చినా, కింద ఉండేది మీ సంతకమే. రికార్డ్ చేస్తున్నామని పేషెంట్‌కి చెప్పి ఒప్పుకుంటేనే వాడండి. ఆ మాటలు ఎక్కడ దాస్తారో, ఎన్నాళ్లు ఉంచుతారో ఆసుపత్రిని రాతపూర్వకంగా అడగండి. వ్యక్తిగత సమాచార రక్షణకు 2023లో చట్టమే వచ్చింది. యాప్ రాసింది తర్వాత పేషెంట్ వచ్చేలోపే చదివి సరిచేయండి. సాయంత్రానికి అట్టిపెడితే ఎవరు ఏమన్నారో మీకూ గుర్తుండదు.

ప్రశ్న: డ్యూటీ మారేటప్పుడు కేస్ షీట్ ఫొటోలు వాట్సాప్ గ్రూపులో పెట్టుకుంటాం. తప్పా?
— పీజీ, చెన్నై

పేరు, ఐపీ నంబరు (అడ్మిషన్ నంబరు), మొహం కనిపించేలా పెడితే తప్పే. ఆసుపత్రి ఇచ్చిన సిస్టమ్‌లోనో, కాగితం మీదో హ్యాండోవర్ రాసుకుని, పేషెంట్ మంచం దగ్గరే నిలబడి ఒకరికొకరు చెప్పుకోండి. అత్యవసరంగా ఈసీజీ ఒకటి సీనియర్‌కి పంపాల్సి వస్తే పేరు కనిపించకుండా కత్తిరించి ఆయన ఒక్కరికే పంపండి. ఆయన ఏం చెప్పారో టైముతో సహా కేస్ షీట్‌లో ఎక్కించి, ఫొటో ఫోన్లోంచి తీసేయండి.